బుల్లయ్యగారి గట్టు మీద చింత

బిందుమాధవి నన్ను మొదటిసారి చూసినప్పుడు నేను వాళ్ల చేలో బోర్లా పడుకుని ఉన్నాను. ఆరడుగుల మనిషి మోకాలెత్తు చెట్టుని సరిగ్గా చూడాలంటే ఇంకో దారి లేదు మరి.

నా పేరు వీరబాబు. పెదకాకానిలో బోన్సాయ్ నర్సరీ నడుపుతాను. "ఇంత మనిషివి, అంత చిన్న చెట్లేంటయ్యా" అని ఇప్పటికి నాలుగొందల మంది అడిగి ఉంటారు. మీరు అడగకండి.

విత్తనం వేసి, కత్తిరిస్తూ పెంచే బోన్సాయ్ ఒక రకం. గట్ల మీద, రాళ్ల సందుల్లో, మేకలు కొరుకుతూ ఎండకి మాడుతూ నలభై ఏళ్లు బతికి కూడా మోకాలు దాటని చెట్లుంటాయి చూశారూ, వాటిని వేళ్లతో సహా తెచ్చి కుండీలో నిలబెట్టడం ఇంకో రకం. నాకు ఆ రెండోదే పిచ్చి. అందుకే జూన్ నెలంతా బైకేసుకుని ప్రకాశం జిల్లా గట్లన్నీ తిరుగుతుంటాను.

దర్శి దాటాక ఒక పల్లెలో, పత్తి వెయ్యడానికి దున్ని ఉంచిన చేను గట్టు మీద కనిపించింది ఆ చింత. ఎత్తు నా మోకాలి దాకా. మొదలు నా తొడంత. బైకు ఎక్కడ ఆపానో కూడా గుర్తులేదు. బోర్లా పడుకుని, మొదట్లో మట్టి చేత్తో తీసి, వేళ్లు ఎటు పోయాయా అని చూస్తున్నాను.

"ఎంత లోతుందంటావు?"

తలెత్తాను. ఎర్ర చుడీదార్, భుజం మీద పార, వేలికి తిరుగుతున్న నా బైకు తాళం.

"ఏంటండీ?"

"బిందె. ఎంత లోతున ఉందంటావు?"

"ఏ బిందె?"

"ఏమీ తెలియనట్టు. నిమ్మకాయలూ కోడీ తెచ్చావా, ఉత్త చేతుల్తోనే వచ్చావా? పోయినేడు అవతల చేలో ఇట్టాగే నలుగురు వచ్చారు, నిధి ఉందని. నడుం లోతు తవ్వి పొయ్యారు. బిందె లేదు, పాడూ లేదు. ఆ గుంటలో పడి మా గేదె కాలు ఇరిగింది."

"నేను నిధి కోసం రాలేదండీ. ఈ చెట్టు కోసం వచ్చాను."

ఆమె చెట్టు వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్లీ చెట్టు వైపు చూసింది.

"అబద్ధం చెప్పేటప్పుడు నమ్మేది చెప్పాలి. దీన్ని పొయ్యిలో పెట్టినా ఎసరు కాగదు."

"కుండీలో పెట్టి పెంచుతానండీ."

"పెంచి?"

"చూసుకుంటాను."

అప్పుడు నవ్వింది. వెక్కిరించడానికే నవ్విందని నాకు తెలుసు. అయినా బాగుంది. గడ్డానికి నల్లమట్టి అంటుకుని ఉన్న మనిషికి అలాంటి విషయాలు బాగున్నాయనిపించకూడదు గానీ, అనిపించింది.

"పద, ఈ కథ మా నాన్నకి చెబుదువుగాని. తాళం నా దగ్గరే ఉంటది."

*

వాళ్ల నాన్న బుల్లయ్యగారు ముప్పై ఏళ్లు పశువుల సంతలో బేరగాడు. ట్రాక్టర్లు వచ్చి ఎద్దులు పోయాక ఇంటిపట్టున ఉంటున్నారు. నేను చెప్పిందంతా నులకమంచం మీద కూర్చుని విన్నారు. నిధి మాట నమ్మారో, చెట్టు మాట నమ్మారో తెలియదు గానీ, కొనేవాడు వచ్చాడన్న మాట మాత్రం నమ్మారు. ఆయన కళ్లు ఒక్కసారి వెలిగాయి.

"బిందూ, తువ్వాలు తే."

పశువుల సంతలో బేరం నోటితో ఆడరు. ఇద్దరూ చేతులు కలుపుతారు, పైన తువ్వాలు కప్పుతారు, లోపల వేళ్లతో మాట్లాడుకుంటారు. పక్కవాడికి ధర తెలియకుండా అదో పద్ధతి. బుల్లయ్యగారి కుడి చెయ్యి బండి చక్రం కింద పడి వేళ్లు వంగడం మానేశాయి. అప్పట్నించీ ఆ ఇంట్లో గేదె అమ్మినా మేక అమ్మినా చెయ్యి కూతురిది, లెక్క నాన్నది.

"నా ఇంట్లోంచి ఏది పోయినా తువ్వాలు కిందనే పోవాలబ్బాయ్. నీ మొక్కైనా అంతే."

"ఆ అబ్బాయి చేతులు కడుక్కున్నాడా?" అన్నారు గుమ్మంలోంచి బిందుమాధవి వాళ్లమ్మ రాజ్యంగారు.

బుల్లయ్యగారు కూతురి చెవిలో ఏదో చెప్పారు. ఆమె నా ఎదురుగా కూర్చుని, తువ్వాలు కింద నా నాలుగు వేళ్లు పట్టుకుంది. గట్టిగా, పనిలో ఉన్న మనిషిలా. నాకా భాష రాదు. ఎదురుగా అమ్మా, పక్కన నాన్నా, మధ్యలో ఈ అమ్మాయి చెయ్యి. కంగారులో ఆ చేతిని మొత్తంగా పట్టేసుకున్నాను.

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత పెదవి కొరుక్కుంది.

"నాన్నా, మనం నాలుగు వేలు అడిగాం. ఈయన ఐదిస్తానంటున్నాడు."

"ముప్పై ఏళ్లు సంతలో తిరిగా. అడిగినదానికంటే పైకి పాడినోణ్ణి ఇప్పుడే చూడటం. వదలొద్దమ్మా."

"ఆయన వదిల్తేగా."

నేను చెయ్యి లాక్కున్నాను. నా చెవులు ఎంత ఎర్రబడ్డాయో రాజ్యంగారు తర్వాత చాలా మందికి చెప్పారట.

బుల్లయ్యగారు మాత్రం అప్పుడు నవ్వలేదు. "ఇప్పుడు బయానా ఇవ్వు, మిగతాది చిగురేశాక. గొడ్డుని అమ్మినా అంతే, కొత్త కొట్టంలో మేత ముడితేనే బేరం పూర్తయినట్టు. మూడు నెలలు గడువు. బతికిందా, చెట్టు నీది. ఎండిందా, ఆ మోడు తెచ్చి నా గట్టు మీద పెట్టి, మళ్లీ ఈ ఊరి ఛాయలకి రాకు. మా నాన్న చేతి మీద మొలిచిన చెట్టయ్యా అది. దాన్ని చంపినోడికి నా ఇంట్లో మంచినీళ్లు కూడా పుట్టవు."

"అట్టాగేనండీ."

"ప్రతి ఆదివారం నాకు చూపించాలి. ఫోన్లో కనపడుద్దంటగా. మా బిందు ఫోనుకి చెయ్యి."

ఆ చివరి షరతు ఒక్కటీ చాలు, మిగతావన్నీ ఒప్పుకోవడానికి. గబగబా ఒప్పేసుకున్నాను.

*

చెట్టు తియ్యడానికి రెండు రోజులు పట్టింది. రెండో రోజు వాన. నల్లరేగడి సంగతి తెలిసిందే కదా, ఒక్కో చెప్పుకి రెండేసి కిలోల మట్టి. బిందుమాధవి గొడుగేసుకుని గట్టు మీద కూర్చుంది. సాయం చెయ్యడానికి కాదు, చూడ్డానికి.

"అటు పక్క వేరు తెగింది."

"నేనే కోశానండీ."

"తెగిందని ఒప్పుకోవచ్చుగా."

"కొన్ని కొయ్యాలి. అప్పుడే కుండీలో పడుతుంది."

"మీరు కూడా కొంచెం కోయించుకోవాల్సింది. గుమ్మంలో తల తగిలేది కాదు."

నేను పలుగు ఆపి చూశాను. గొడుగు కింద నుంచి అమాయకంగా చూస్తోంది. వాన నా మెడలోంచి వీపు మీదికి కారుతోంది. చెప్పొద్దూ, ఆ రోజు ఇంకో పది చెట్లు ఇచ్చినా తవ్వేవాణ్ణి.

తడి గోనెసంచిలో వేళ్లు చుట్టి, ఆటోలో చింతని పెదకాకాని తెచ్చాను. కుండీలో నిలబెట్టాను. ఆదివారం ఫోన్ చేశాను.

మొదటి ఆదివారం ఆకులు వాడాయి. అది మామూలే. రెండో ఆదివారం అన్నీ రాలాయి. అదీ మామూలే. చెట్టు చూపించడానికి రెండు నిమిషాలు పట్టేది. బుల్లయ్యగారు "ఊఁ" అని పక్కకి తిరిగి పడుకునేవారు. మిగతా ముప్పావుగంట మేమిద్దరం మాట్లాడుకునేవాళ్లం. పత్తి మొలకల గురించి, ఆమె ఒంగోలులో చదివిన డిగ్రీ గురించి, నా నర్సరీలో పెట్టిన రేటు చూసి గుండె పట్టుకుని వెళ్లిపోయే కస్టమర్ల గురించి. ఫోన్ పెట్టేశాక మళ్లీ ఆదివారానికి ఆరు రోజులున్నాయని లెక్కేసుకునేవాణ్ణి.

మూడో ఆదివారానికి చెట్టు నల్లగా, ఎండు కట్టెలా ఉంది. ఇలాంటివి నెలల తర్వాత లేచినవీ చూశాను, లేవనివీ చూశాను. "వచ్చే వారం కూడా ఇట్టాగే ఉంటే ఇంక చూపించక్కర్లేదు" అన్నారు ఫోన్లో బుల్లయ్యగారు.

ఇక్కడ నేను చేసింది తప్పు. నాకు తెలుసు. నర్సరీలో అలాంటిదే ఇంకో చింత ఉంది, ఆకులు కళకళలాడుతూ. నాలుగో ఆదివారం దాన్ని చూపించాను.

"ఓహో, అప్పుడే ఇన్ని ఆకులా," అంది బిందుమాధవి.

"అవునండీ. మందు వేశాను."

"ఏం మందు? మా పత్తికి కూడా వేస్తాం."

"అది చెట్లకేనండీ."

"ఎడం పక్కకి తిప్పండి. అక్కడ గూడులాంటి తొర్ర ఉండాలే, చిన్నప్పుడు నేను గోళీలు దాచుకునేదాన్ని."

"పూడింది."

"వారంలో?"

"మంచి మందండీ."

ఆమె మొహం ఫోన్‌కి దగ్గరగా వచ్చింది. "నాన్నా, చెట్టు బ్రహ్మాండంగా ఉంది," అని వెనక్కి తిరిగి చెప్పింది. ఆ తర్వాత మూడు ఆదివారాలు అలాగే గడిచాయి. వారం వారం చెట్టు గురించి కొత్త ప్రశ్న వేసేది, నేను చెమటలు కక్కుతూ కొత్త అబద్ధం చెప్పేవాణ్ణి, ఆమె బుద్ధిగా నమ్మేది.

*

శ్రావణమాసంలో ఒక ఆదివారం నేను ఫోన్ చెయ్యబోతుంటే నర్సరీ గేటు చప్పుడైంది. ముందు బుల్లయ్యగారు, వెనక బిందుమాధవి.

"గుడికి వచ్చాం," అన్నారు బుల్లయ్యగారు. "మీ అత్త... మా ఆడాళ్లు క్యూలో ఉన్నారు. ఈలోపు చెట్టుని చూసి పోదామని."

నేను కళకళలాడే చింత వైపు చెయ్యి చూపించేలోపే బిందుమాధవి దాన్ని దాటుకుని వెళ్లిపోయింది. తిన్నగా, మొదటి మూడు వారాలూ ఫోన్లో మోడు పక్కన కనపడ్డ నీళ్ల ట్యాంకు వెనక్కి. గోనెసంచి పక్కకి లాగింది.

"ఇదిగో నాన్నా, మన చెట్టు."

నల్లటి మోడు. తొర్ర తొర్రలాగే ఉంది.

బుల్లయ్యగారు మోడుని చూశారు, పచ్చటి దాన్ని చూశారు. "ముసలెద్దుకి కొమ్ములు చెక్కి, నూనె రాసి, కోడె అని అమ్మినోణ్ణి నేను. నాకా నువ్వు వేషాలు చూపించేది?" అన్నారు. తర్వాత గొంతు తగ్గింది. "కాకపోతే నేను అమ్మినవి బతికున్నాయి."

ఆ మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. ఆయన కుళాయి దగ్గరికి పోయి మొహం కడుక్కుంటుంటే బిందుమాధవి మోడు పక్కన గొంతుక్కూర్చుంది.

"మీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"మందు వేసిన రోజే."

"మరి మీ నాన్నకి చెప్పలేదేం?"

"చెబితే ఆదివారాలు ఆగిపోతాయిగా." ఈసారి నవ్వలేదు. "మా నాన్నకి చెప్పకపోతే పోయారు. నాకు చెప్పాలా వద్దా? మీరు నాతో కూడా చెట్టు బేరమే ఆడుతున్నారా?"

"లేదు. ఎండిపోయిందంటే మీరు ఇంక ఫోన్ ఎత్తరని భయమేసింది. చెట్టు గురించి కాదు నా భయం."

ఆమె గోటితో బెరడు మీద గీకింది. సన్నగా, తడిగా, లేత ఆకుపచ్చ కనిపించింది.

"ప్రాణం ఉంది," అంది. వాళ్ల నాన్నకి కూడా వినపడేలా అంది. "గడువు ఇంకా ఉంది నాన్నా. మాటంటే మాటే. కానీ ఇంక ఫోన్లు వద్దు, బొమ్మలు వద్దు. చిగురేస్తే చెట్టునే ఇంటికి తెమ్మను, కళ్లతో చూద్దాం." గేటు దగ్గర వెనక్కి తిరిగి, నాకొక్కడికే చెప్పింది. "ఇంకోసారి అబద్ధం వింటే గట్టు మీద మోడు కూడా పెట్టనివ్వను."

*

నలభై రోజులు ఫోన్ మోగలేదు. అంత పనికిమాలిన నలభై రోజులు నా జన్మలో లేవు. ఉదయం లేవగానే మోడు, పడుకునే ముందు మోడు. వాన పడితే గొడుగు నాకు కాదు, దానికి.

సెప్టెంబరు మొదటి వారంలో తొర్ర కింద ఆవగింజంత ఎర్రటి మొన కనిపించింది. రెండ్రోజులకి ఇంకొకటి. అవి కనపడ్డ రోజు నేను నర్సరీలో ఒక్కణ్ణే గట్టిగా అరిచాను. పక్క వీధి జైతున్‌బీ పిన్ని పాము కరిచిందనుకుని పరిగెత్తుకొచ్చింది. గడువుకి రెండు రోజుల ముందుకల్లా మోడంతా లేత చిగుళ్లు, పట్టుకుంటే రెండు గుప్పిళ్లు.

ఆదివారం పొద్దున్నే గుంటూరు బస్టాండులో దర్శి బస్సెక్కాను, ఒళ్లో కుండీతో. బస్సులో ఆడవాళ్లందరికీ ఉచితం. నాకు టికెట్టు, నా చింతకి లగేజీ టికెట్టు. రోడ్డు మీద దిగి, కిలోమీటరు బురదలో మోసుకుంటూ వాళ్లింటికి చేరేసరికి మోకాళ్ల దాకా మట్టి.

ఇంట్లో రాజ్యంగారు ఒక్కరే ఉన్నారు. తండ్రీ కూతురూ చేనుకి వెళ్లారట.

"ఆ అవతారమేంటయ్యా? వెనక బోరు దగ్గర కడుక్కురా. అన్నం తిందువుగాని," అన్నారు.

కుండీ వసారాలో పెట్టి వెళ్లాను. కాళ్లు కడిగాను, మొహం కడిగాను. నిజం చెప్పాలంటే జుట్టు మూడుసార్లు దువ్వాను. పావుగంట పట్టింది.

తిరిగొచ్చి చూస్తే చెట్టు మీద ఒక్క చిగురు లేదు.

లోపల తాలింపు చిటపటలాడుతోంది. రాజ్యంగారు గరిటెతో బయటికొచ్చారు. "ఎంత లేతగా ఉందో అబ్బాయ్. మాకోసం అంత దూరం నుంచి తెచ్చావు గానీ, కుండీతో సహా మోసుకురావాలా? కోసి కవర్లో వేసుకొస్తే పోయేదిగా."

నేను నోరు తెరిచేలోపే ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. అప్పుడే గేటు తీసుకుని బుల్లయ్యగారూ బిందుమాధవీ వచ్చారు.

ఆమె ముందు నన్ను చూసింది. మొహం ఎంత వెలిగిందో చెప్పలేను. తర్వాత వసారాలో మోడుని చూసింది. ఆ వెలుగంతా పోయింది.

"మోడు తెచ్చావా," అన్నారు బుల్లయ్యగారు. కోపంగా కూడా కాదు. "మంచిదే. మాట మీద నిలబడ్డావు. తిని, దాన్ని గట్టు మీద పెట్టి పో."

నిజం చెప్పాలి. ఇంకో అబద్ధం వినేది లేదని బిందుమాధవి ముందే చెప్పింది. కానీ ఆ నిజం చెబితే దోషి ఎవరు? వంటింట్లో నాకోసం పప్పు వండుతున్న ఆవిడ. ఆ ఇంట్లో నాకు కావలసిన మూడో మనిషి. అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. కాళ్లు మడుచుకుని పీట మీద కూర్చున్నాను.

బిందుమాధవి నాకు ఎదురుగా కూర్చుంది, నా వైపు చూడకుండా. రాజ్యంగారు పప్పు వేశారు. ఆమె ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది.

"అమ్మా, పప్పులో ఏం వేశావు?"

"చింతచిగురే."

"ఈ కాలంలో చిగురెక్కడిది?"

"ఆ అబ్బాయి తెచ్చాడుగా, కుండీలో. మనది ఎండిపోయిందని మీరే అంటిరి. ఇదేదో నాకు కూరకి తెచ్చాడనుకున్నా."

వసారాలోకి, నా కంచంలోకి, మళ్లీ వసారాలోకి చూసింది బిందుమాధవి. నవ్వు తన్నుకొచ్చి పొలమారింది. దగ్గుతోంది, నవ్వుతోంది, కళ్లలో నీళ్లు. రాజ్యంగారు కంగారుగా తల మీద తడుతున్నారు. "ఎవరు తలుచుకుంటున్నారే నిన్ను?" అంటున్నారు. నేను కంచంలోంచి తల ఎత్తలేదు.

బుల్లయ్యగారికి అప్పటికి అర్థమైంది. ఇంకో ముద్ద కలుపుకున్నారు. నెమ్మదిగా తిన్నారు. తర్వాత ఇంకొకటి.

"పులుపు సరిగ్గా మన గట్టు చింతదే," అన్నారు. "చిగురేసింది. కళ్లతో చూడాలనుకున్నా, తినేశా. ఇంక నేను కాదనడానికేముంది." నా వైపు తిరిగారు. "మరి నువ్వు నోరు మూసుకుని కూర్చున్నావేందయ్యా? మోడు మోసుకుపొమ్మన్నా గదా. చెప్పొచ్చుగా?"

"అత్తయ్యగారి మీద ఎట్టా చెప్పనండీ?"

అనేశాక వినపడింది నాకు, నేనేమన్నానో. వంటింట్లో కుక్కర్ కూడా ఆ క్షణానే ఊరుకుంది.

బుల్లయ్యగారు కూతురి వైపు చూశారు. ఆమె నవ్వు ఆపి, పైటతో కళ్లు తుడుచుకుంది. వాళ్ల నాన్న కళ్లలోకి తిన్నగా చూసింది.

"నలభై ఏళ్లు మన గట్టు మీద ఉన్న చెట్టు నాన్నా. కొత్త చోట ఒక్కతే ఎట్టా ఉంటది? మన వైపు నుంచి ఎవరో ఒకళ్లు తోడుండాలి."

"ఎవరే ఆ తోడు? ఇక్కడ చేను పని వదిలేసి పెదకాకాని ఎవరు పోతారు?" అన్నారు రాజ్యంగారు.

బిందుమాధవి కంచంలో మెతుకులు లెక్కపెడుతోంది. ఇప్పుడు ఎర్రబడ్డవి ఆమె చెవులు.

బుల్లయ్యగారు చెయ్యి కడుక్కుంటూ, "అల్లుడి కంచం ఖాళీగా ఉంది. పెరుగు వెయ్యి," అన్నారు.

రాజ్యంగారు గరిటె పట్టుకుని ఆగిపోయారు. నన్ను పైనుంచి కింది దాకా చూశారు, పైనుంచి కింది దాకా అంటే కొంచెంసేపు పట్టింది. తర్వాత గిన్నె తిప్పి, మీగడ ఉన్న వైపు నుంచి ముంచి వేశారు.